ఆర్‌క్లోన్: క్లౌడ్‌లో పాత ఫైళ్లు తీసేయడానికి నేను నమ్ముకున్న టూల్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియోలో ఎడిటింగ్, డేటా రెండూ నేనే చూస్తాను. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. పాత ప్రూఫ్‌లు (కస్టమర్లు ఎంచుకోవడానికి పంపే ఫొటోలు) తీసేసి, శ్రావణం పెళ్లిళ్లకు క్లౌడ్‌లో చోటు చేసుకునేది అప్పుడే. బ్రౌజర్‌లో ఈ పని చేసినవాళ్లకు ఆ తిప్పలు తెలుసు: ఫొటోలు లోడ్ అయ్యేదాకా ఆగాలి, కిందికి జరుపుతూ సెలెక్ట్ చేయాలి, మధ్యలో వేలు జారితే మళ్లీ మొదటికే.

ఆర్‌క్లోన్ అంటే కమాండ్లు టైప్ చేసి క్లౌడ్‌లోని ఫైళ్లను చూసుకునే ప్రోగ్రామ్. ఉచితం, ఓపెన్ సోర్స్. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, అమెజాన్ ఎస్3, దేనికైనా అవే కమాండ్లు.

నాకు అన్నిటికంటే నచ్చింది డ్రై-రన్. డిలీట్ కమాండ్‌కి దాన్ని తగిలిస్తే ఒక్క ఫైలూ చెరపకుండా, ఏవేవి పోతాయో వరసగా చూపిస్తుంది. ఒకరి తలంబ్రాల ఫొటోలు మళ్లీ తీయలేం కదా! ఆ లిస్టు చదవందే అసలు కమాండ్ కొట్టను. రా ఫైళ్లు (కెమెరా ఒరిజినల్స్) ఉంచి జేపీజీలు మాత్రమే తీసేయాలంటే ఇంక్లూడ్ ఉంది. ఇంత కాలం దాటినవే పోవాలంటే మిన్-ఏజ్. ఇక్కడ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 6 పక్కన ఇంగ్లిష్ పెద్ద ఎం (M) పెడితే ఆరు నెలలు, చిన్న ఎం (m) పెడితే ఆరు నిమిషాలు! నిన్న రాత్రి రిసెప్షన్‌లో తీసినవి కూడా లిస్టులోకి వచ్చేస్తాయి.

పర్జ్ అని ఇంకో కమాండ్ ఉంది. అది ఇంక్లూడ్, మిన్-ఏజ్ లాంటి ఫిల్టర్లేవీ పట్టించుకోదు, ఫోల్డర్‌ను లోపలున్నవాటితో సహా తుడిచేస్తుంది. అందుకే మా కుర్రాళ్లకు డిలీట్ ఒక్కటే నేర్పించాను. డిలీట్ చేశాక ఖాళీ ఫోల్డర్లు మిగులుతాయి, మిగలనీ.

గూగుల్ డ్రైవ్‌లో అయితే మామూలుగా ఫైళ్లు ట్రాష్‌లోకి వెళ్తాయి, 30 రోజుల దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ట్రాష్‌లో ఉన్నంతకాలం అవీ చోటు తింటూనే ఉంటాయి. 30 రోజులు ఆగకుండా స్టోరేజ్ తగ్గాలంటే, అన్నీ సరిచూసుకున్నాక ట్రాష్‌ను ఖాళీ చేసే క్లీనప్ కమాండ్ ఇవ్వాలి. ఎస్3లో వెర్షనింగ్ (పాత కాపీలు దాచి ఉంచే సెట్టింగ్) పెట్టుకోకపోతే వెనక్కి తెచ్చుకునే అవకాశం కూడా లేదు, పోయిందంటే పోయినట్టే.

హెల్ప్ అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. కొత్తవాళ్ల పక్కన ఒకరు కూర్చుని చూపించాలి. ఏ ఫోల్డర్ ఎంత చోటు పట్టిందో చూపించే ఎన్‌సీడీయూ కమాండ్‌తో మొదలుపెడితే భయం పోతుంది, చూస్తూ తిరిగినంత మాత్రాన ఏదీ చెరిగిపోదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మనం అడగకపోయినా డ్రై-రన్ ముందు దానంతటదే నడిచి ఉంటే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని.