పునీత నికోలాస్ కోసం డెమ్రే, బారీ

పిల్లలు క్రిస్మస్ తాత అని పిలుచుకునే పునీత నికోలాస్ నాలుగో శతాబ్దంలో మైరా నగరానికి బిషప్. టర్కీలో మధ్యధరా తీరాన ఉన్న ఇప్పటి డెమ్రేనే ఆ మైరా. 1087లో ఇటలీలోని బారీ నగర నావికులు ఆయన ఎముకల్ని తమ ఊరికి తీసుకెళ్లిపోయారు. అందుకే మేం రెండు చోట్లా చూడాలనుకున్నాం.

డెమ్రేకి అంతాల్యా నుంచి బస్సుంది. దారంతా కొండ మలుపులే, కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ఎక్కండి. ఊరి చుట్టూ టమాటా గ్రీన్‌హౌస్‌లు. నది తెచ్చిన మట్టి పేరుకుపోవడంతో చర్చి ఇప్పుడు వీధి కంటే బాగా కిందికి ఉంది. అది మ్యూజియం కాబట్టి టికెట్ కొనాలి. వెలిసిపోయిన రంగుల్లో గోడ బొమ్మలు, కింద రంగురాళ్ల ముగ్గులు చూస్తుంటే అడుగు ముందుకు పడదు. ఆయనదని చెప్పే రాతి సమాధి పగిలి, ఖాళీగా ఉంది. అయినా రష్యన్ అమ్మలు దాని ముందున్న అద్దానికి నుదురు ఆనించి ప్రార్థిస్తున్నారు. కట్నం ఇవ్వలేని తండ్రి ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు విసిరి, ముగ్గురు ఆడపిల్లల్ని కాపాడాడని ఆయన కథ. ఆడపిల్ల పెళ్లి టెన్షన్ ఎరిగిన మనకు ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మేం తీసుకున్న ప్యాకేజీలో పడవ షికారుకు సగం రోజు పోయింది, చర్చికి మిగిలింది అరగంట. చాలా బాధేసింది. సొంతంగా వెళ్లండి. కొండకు తొలిచిన లిసియా (ఈ ప్రాంతపు ప్రాచీన పేరు) కాలం సమాధులూ, పాత రంగస్థలమూ దగ్గర్లోనే ఉన్నాయి. బస మాత్రం అదే తీరంలోని కాష్ ఊళ్లో బాగుంటుంది, హోటళ్లు ఎక్కువ.

బారీలో ఆయన ఎముకలున్న పెద్ద చర్చి, అంటే బాసిలికాకు టికెట్ లేదు. నేలమాళిగలోని సమాధిని 1089లో పోపు రెండో అర్బన్ ప్రతిష్ఠించారు. చర్చి కాథలిక్కులదే, డొమినికన్ అనే కాథలిక్ సన్యాస సభ గురువులు చూసుకుంటారు. అయినా కింద ఆర్థొడాక్స్ వాళ్లూ ఆరాధన చేసుకుంటారు. విడిపోయిన రెండు సంఘాలు ఒకే సమాధి దగ్గర మోకరిల్లడం కళ్లారా చూశాను. ఈ బిషప్ మిగిల్చిన ఆస్తి అంటే నాకు ఇదే. ప్రార్థన కోసమైతే బారీకే నా ఓటు.

భుజాలు కప్పుకుని వెళ్లండి. పాత ఊరి సందుల్లోకి కారు రాదు. పెద్ద సామాను ఉంటే స్టేషన్ దగ్గర గది తీసుకోండి, బాసిలికాకు నడిచే పోవచ్చు. మే 7 నుంచి 9 వరకు ఎముకలు వచ్చిన పండుగ, సమాధిలో ఊరే నీటిని 9న తీస్తారు. ఆ రోజులకు గదులు చాలా ముందే బుక్ చేసుకోవాలి.