నేరుగా పిలవాలా, క్యూలో వేయాలా: ఏది మేలు?

బస్సు టికెట్లు అమ్మే సిస్టమ్ ఒకటి తీసుకుందాం. ప్రయాణికుడు బటన్ నొక్కగానే సీటు పట్టి ఉంచాలి, డబ్బు రావాలి, టికెట్ తయారవ్వాలి, ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఈ నాలుగూ వేర్వేరు సర్వీసులైతే, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాములైతే, ఒకదాంతో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి? ఒకటి ఇంకోదాన్ని నేరుగా పిలిచి జవాబు వచ్చేదాకా ఆగవచ్చు. లేదా మధ్యలో క్యూ పెట్టి, మెసేజ్ అందులో వేసేసి తన పని తాను చూసుకోవచ్చు. మీటింగుల్లో ఈ చర్చ ఎక్కువగా "కాఫ్కా పెడదామా?" అనే మాటతో మొదలవుతుంది. కాఫ్కా అంటే ఇలా మెసేజ్‌లు మోసే పేరున్న సాఫ్ట్‌వేర్. దాని సంగతి తర్వాత చూద్దాం, ఎవరి జవాబు కోసం ఎవరు ఆగాలో ముందు తేల్చండి అంటాను నేను.

నేరుగా పిలవడంలో సుఖం ఉంది. కోడ్ పైనుంచి కిందికి కథలా చదువుకోవచ్చు. తప్పు జరిగితే అక్కడికక్కడే తెలుస్తుంది. వేరే మెషీన్‌లో ఉన్న ప్రొసీజర్‌ని కూడా మామూలు ఫంక్షన్‌లాగే పిలిచే పద్ధతిని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్ (PARC)లో బిర్రెల్, నెల్సన్ కట్టి చూపించారు. 1984లో వచ్చిన వాళ్ల పేపర్ ఇప్పటికీ చదవదగ్గదే. అయితే ఆ "లాగే" దగ్గరే చిక్కుంది. పదేళ్ల తర్వాత, 1994లో, కంప్యూటర్లు చేసే సన్ కంపెనీలో జిమ్ వాల్డో బృందం దగ్గరి కాల్‌ని, దూరపు కాల్‌ని ఒకేలా చూడటం తప్పని వాదించింది. ఒకే ప్రాసెస్‌లో ఫంక్షన్ కాల్‌కి కొన్ని నానోసెకన్లు చాలు. ఒకే డేటా సెంటర్‌లో పక్క మెషీన్‌ని అడిగి రావడానికి సుమారు అర మిల్లీసెకను, అంటే లక్ష రెట్ల దాకా తేడా. వేగం పోతే పోయింది, అసలు బాధ వేరే. జవాబు రాలేదంటే పని జరగలేదా, జరిగాక జవాబు దారిలో పోయిందా? పిలిచినవాడికి తెలిసే మార్గం లేదు. "డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు" అనే టెన్షన్ పుట్టేది ఇక్కడే.

ఇంకో లెక్క కూడా చూడండి. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. అంటే 30 రోజుల్లో 43 నిమిషాలు పడుకుంటుంది. అలాంటివి ఐదింటిని వరసగా పిలిస్తే, అన్నీ ఒకేసారి లేచి ఉండేది సుమారు 99.5 శాతమే. నెలకు మూడున్నర గంటలకు పైగా నష్టం, అందులో ఏ ఒక్కరి తప్పూ కనబడదు.

నేను పనిచేసిన ఒక చోట పండగ ముందు ఎస్సెమ్మెస్ పంపే బయటి గేట్‌వే నెమ్మదించింది. దానికి మేం పెట్టిన టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే గడువు, 30 సెకన్లు. బుకింగ్ సర్వీసులో ఒక్కో బుకింగ్ పని చూసే థ్రెడ్లన్నీ ఎస్సెమ్మెస్ వెళ్లిందన్న కబురు కోసం కాచుకు కూర్చున్నాయి, కొత్త బుకింగులు ఆగిపోయాయి. సీట్లు ఖాళీ, డేటాబేస్‌కి పనిలేదు, అయినా టికెట్ దొరకదు.

అక్కడ క్యూ ఉండి ఉంటే ఎస్సెమ్మెస్ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లేది, అంతే. క్యూ రద్దీని కూడా మింగుతుంది. రేపు మోసాలు పట్టే సర్వీసు ఒకటి చేరితే అదే మెసేజ్‌ని అదీ చదువుకుంటుంది, బుకింగ్ కోడ్‌లో వేలు పెట్టక్కర్లేదు. మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ తనలోనే దాచుకోవాలని సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లోనే చెప్పాడు. క్యూ అందులో కొంత చేస్తుంది. కొంతే! మెసేజ్‌లో ఒక ఫీల్డ్ పేరు మార్చి చూడండి, ఎక్కడో మీరెరగని సర్వీసు కూలుతుంది.

క్యూకి కట్టాల్సిన మూల్యం చిన్నది కాదు. చాలా క్యూలు మెసేజ్ కనీసం ఒకసారి చేరుతుందని హామీ ఇస్తాయి, అంటే రెండుసార్లూ చేరొచ్చు. ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ, "ఇది ఇంతకుముందే చేశానా?" అన్న తనిఖీ తప్పవు. వచ్చే వేగం ఎప్పుడూ తీసే వేగం కన్నా ఎక్కువైతే క్యూ పెరుగుతూనే పోతుంది, రోగం దాగుతుందే తప్ప నయం కాదు. ఇక రాత్రి రెండింటికి ఒక్క ఆర్డర్ జాడ ఆరు సర్వీసుల లాగ్ ఫైళ్లలో వెతకడం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు.

రెండూ కలిపి వాడటానికి మన కళ్లముందున్న ఉదాహరణ యూపీఐ. చెల్లింపు అడిగితే ముందు "అందింది" అన్న చిన్న జవాబు, అసలు ఫలితం తర్వాత వేరే మెసేజ్‌గా. ఫోన్‌లో "పెండింగ్" అని కనిపించే స్థితి డిజైన్‌లో భాగమే.

మన బస్సుకొస్తే, సీటునీ టికెట్‌నీ వేరు చేయను. ఒకే డేటాబేస్, ఒకే ట్రాన్సాక్షన్: జరిగితే రెండూ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. వాటి మధ్య నెట్‌వర్కే అక్కర్లేదు. డబ్బుకి యూపీఐ పద్ధతి. ఎస్సెమ్మెస్ నిస్సందేహంగా క్యూకే. ఒక్క జాగ్రత్త: టికెట్ డేటాబేస్‌లో పడి, మెసేజ్ క్యూలో పడకముందే సర్వర్ పోతే ఎస్సెమ్మెస్ ఎప్పటికీ వెళ్లదు. అందుకని పంపాల్సిన మెసేజ్‌ని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసి, ఇంకో ప్రోగ్రామ్ దాన్ని చదివి పంపేలా పెడతాను. 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో "స్కిప్ లాక్డ్" ఉంది, అంటే వేరేవాళ్లు పట్టుకున్న వరస (రో)ను దాటేసి తర్వాతిది తీసుకోవడం. దాంతో మెసేజ్‌లు పంపే ప్రోగ్రాములు రెండు మూడున్నా ఒకే వరస మీద కొట్టుకోకుండా పనిచేస్తాయి. చిన్న జట్టుకి చాలాకాలం ఆ టేబులే క్యూ. కాఫ్కా మీటింగ్ వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు.