జూబిలైఫ్ టెర్మినలా, ఫెస్టివల్ ప్లాజానా, హోమ్ యాపా: పోకెమాన్ మార్పిడికి ఏ చోటు మేలు?

"పాత డీఎస్ దొరికింది, ప్లాటినం కొననా, హార్ట్‌గోల్డ్ కొననా?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. డీఎస్ అంటే నింటెండో చేతి ఆట యంత్రం, ఆ రెండూ దానిమీద ఆడే పోకెమాన్ ఆటలు. వాటిలో పోకెమాన్ అనే ప్రాణుల్ని పట్టి, పెంచి, ఇతర ఆటగాళ్ళతో మార్చుకుంటాం. ఈ మధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది: "ఆ గ్లోబల్ టెర్మినల్ అంటే అందరికీ ఎందుకంత ఇష్టం? ఇప్పుడు దాని పని ఏది చేస్తుంది?" ఆ ఆటల్లో ఇంటర్నెట్ ద్వారా పోకెమాన్ మార్చుకునే భవనమే గ్లోబల్ టెర్మినల్. మొన్న సెలవుల్లో మా మేనల్లుడు నింటెండో వాళ్ళ స్విచ్‌లో, పాత డైమండ్ ఆటకి కొత్త రూపమైన బ్రిలియంట్ డైమండ్ ఆడుతూ, ఆటలోని జూబిలైఫ్ సిటీలో ఆ భవనం ముందు ఆగి "మామయ్యా, ఇందులో ఏముంది?" అన్నాడు. ఒకప్పుడు ఏముండేదో చెప్పడానికి నాకు గంట పట్టింది. వాడికి చెప్పిందే కొంచెం కుదురుగా మీకూ చెబుతాను.

ముందు నా కొలబద్ద ఏమిటో చెప్పాలి. వేగం, అందం, ఎంతమంది ఒకేసారి చేరవచ్చు అన్నవి నాకు రెండో వరసలోవి. చిన్నప్పుడు పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళి, "ఫలానా పుస్తకం వస్తే నాకు తీసిపెట్టండి" అని చెప్పి వచ్చేవాళ్ళం. వారం తర్వాత వెళితే బల్ల కింద నుంచి తీసి ఇచ్చేవాడు. ఆ వారమంతా మనం అక్కడ నిలబడక్కర్లేదు. పోకెమాన్ మార్పిడిలో నేను చూసేది కూడా అదే. నాకు కావాల్సింది పేరు పెట్టి అడగగలగాలి, అడిగి నా దారిన పోగలగాలి, వచ్చింది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. ఈ మూడూ ఒకే చప్పరం కింద కుదిరిన చోటు నేను చూసినంతలో ఒక్కటే ఉంది.

ఒంటరిగా ఆడేవాళ్ళకి ఇది ఎంత అవసరమో ఈ సిరీస్ ఆడినవాళ్ళందరికీ తెలుసు. జంట ఆటలైన డైమండ్, పర్ల్‌లలో డైమండ్ కొన్నవాడికి అరుదైన డియాల్గా దొరుకుతుంది, పాల్కియా దొరకదు. స్టార్టర్లలో, అంటే మొదట్లో చూపించే టర్ట్‌విగ్, చిమ్‌చార్, పిప్లప్‌లలో ఒకదాన్నే ఇస్తారు. కడాబ్రా, మాచోక్, గ్రావెలర్, హాంటర్ మార్పిడి జరిగితే తప్ప పై రూపానికి ఎదగవు. డైమండ్ నుంచి హార్ట్‌గోల్డ్ దాకా డీఎస్‌లో వచ్చిన ఈ ఆటల్ని నాలుగో తరం అంటారు. అప్పటికి పోకెమాన్ మొత్తం 493. ఊళ్ళో ఇంకొకరి దగ్గర డీఎస్ లేకపోతే వాటిని నమోదు చేసే పట్టిక, అంటే పోకెడెక్స్, సగంలో ఆగిపోవాల్సిందే. ఆటలో ఊరూరా ఉండే పోకెమాన్ సెంటర్ కింది అంతస్తులో వైఫై క్లబ్ ఉండేది నిజమే. దానికి అవతలివాళ్ళ పన్నెండు అంకెల ఫ్రెండ్ కోడ్ కావాలి, ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోవాలి. స్నేహితుడే లేనివాడికి ఫ్రెండ్ కోడ్ ఎక్కడినుంచి వస్తుంది?

2006లో జపాన్‌లో డైమండ్, పర్ల్ వచ్చినప్పుడు జూబిలైఫ్‌లో జీటీఎస్ (గ్లోబల్ ట్రేడ్ స్టేషన్) తలుపులు తెరుచుకున్నాయి. 2008లో ప్లాటినం వచ్చేసరికి అదే గ్లోబల్ టెర్మినల్‌గా పెరిగింది. యుద్ధాల వీడియోలు పంచుకోవడం, బాక్సుల ఫొటోలు పెట్టడం, ట్రైనర్ ర్యాంకింగులు అన్నీ అందులోకి వచ్చాయి. నేను వాటిని ఒకటి రెండుసార్లు చూసి వదిలేశాను. నన్ను పట్టుకున్నది జీటీఎస్ కౌంటరే. ఒక పోకెమాన్‌ని అక్కడ ఉంచుతాం. బదులుగా ఏ జాతి, ఆడా మగా, ఏ లెవెల్ అన్నది చెబుతాం. తర్వాత ఆట ఆడుకోవచ్చు, డీఎస్ మూసి పడుకోవచ్చు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో మనం అడిగింది ఇచ్చి మనది తీసుకుంటారు. పొద్దున్న కనెక్ట్ అయితే కొత్తది మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అవతలివాళ్ళతో ఒక్క మాట మాట్లాడకుండా ఇంత మర్యాదగా జరిగే బేరం ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

ఆ భవనం ఉన్న చోటు కూడా బాగా ఎంచారు. జూబిలైఫ్ ఒక కూడలి. ఓర్‌బర్గ్‌లో మొదటి బ్యాడ్జీ గెలిచి ఉత్తరానికి వెళ్ళాలన్నా మళ్ళీ దాని గుండానే రావాలి. అంటే కథ ఇంకా మొదట్లో ఉండగానే, జట్టులో నాలుగు పోకెమాన్ కూడా లేనప్పుడే, ప్రపంచం మొత్తం ఇక్కడ ఉందని ఆట మనకి చెబుతుంది.

ఇక జియోనెట్. లోపల ఒక భూగోళం ఉంటుంది. మన దేశం, ప్రాంతం నమోదు చేస్తే, మనం ఎవరితో మార్చుకున్నామో వాళ్ళ ఊళ్ళ దగ్గర చుక్కలు పడతాయి. దానివల్ల ఆటలో అదనపు బలం ఏమీ రాదు. అయినా నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. నా మొదటి జపాన్ పోకెమాన్ పేరు కాటకానాలో వచ్చింది. ఆ అక్షరాలు చదవలేక, నోట్‌బుక్‌లో బొమ్మలా గీసుకున్నాను. ఆ పసిఫిక్ అంచున పడిన చుక్క అంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ పరాయి భాష పోకెమాన్‌కి అసలైన విలువ కూడా ఉంది. డైమండ్, పర్ల్ నుంచే వేర్వేరు భాషల ఆటల్లో పుట్టిన రెండింటిని పోకెమాన్‌ని పెంచడానికి వదిలే డేకేర్‌లో జత చేస్తే, గుడ్డులోంచి షైనీ, అంటే అరుదైన రంగు పోకెమాన్, వచ్చే అవకాశం పెరుగుతుంది. మామూలుగా 8192లో ఒకటి. ఈ పద్ధతిలో నాలుగో తరంలో 8192లో 5. మసూదా పద్ధతి అని ఆటగాళ్ళు పిలిచేది దీన్నే. అందుకే, దాదాపు ఏ పోకెమాన్‌తోనైనా జతకట్టే డిట్టో విదేశీదైతే దానికి జీటీఎస్‌లో బంగారం ధర పలికేది. గుడ్ల నుంచి తీసిన స్టార్టర్లకీ గిరాకీ ఉండేది. స్టార్టర్లు ఎనిమిదింట ఒకటే ఆడది పుడుతుంది కాబట్టి ఆడ చిమ్‌చార్ పెడితే అడిగింది తొందరగా దొరికేది. ఈ లెక్కలు మనకి ఎవరూ నేర్పలేదు. కౌంటర్ దగ్గర కూర్చుంటే వాటంతట అవే తెలిసేవి.

లోపాలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మొదటిది, మన పోకెడెక్స్‌లో చూసినట్టు నమోదు కాని పోకెమాన్‌ని అడగడానికి లేదు. ఎక్కువ అవసరం ఉన్నదే అడగలేకపోయేవాళ్ళం. రెండోది, జరగని బేరాలు. డైమండ్‌లో డియాల్గా దొరికేదే 47వ లెవెల్‌లో, ప్లాటినంలో 70లో. అలాంటిది ఎక్కడపడితే అక్కడ దొరికే బిడూఫ్‌ని పెట్టి 9 లోపు లెవెల్ డియాల్గా కావాలని అడిగేవాళ్ళు కోకొల్లలు. వెతుకుతూ పోతే పేజీల నిండా అవే. దీనికి నా దగ్గర మందు ఒకటే ఉండేది: వెతకడం మానేసి, మంచి సరుకు పెట్టి న్యాయమైనది అడగడం. మూడోది ఇంట్లో తలనొప్పి. డీఎస్‌కి వైఫైలో పాత డబ్ల్యూఈపీ భద్రత తప్ప కొత్తది తెలియదు. ఒక గంట మార్పిడి కోసం రౌటర్ సెట్టింగు మార్చి, నాన్న లాప్‌టాప్ తెరిచేలోపు మళ్ళీ పెట్టేసిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి.

మరి హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ సంగతి? 2009లో వచ్చిన ఈ రెండింట్లో టెర్మినల్ గోల్డెన్‌రాడ్ సిటీలో ఉంది. చాలామంది గమనించని విషయం ఒకటుంది. నాలుగో తరం ఆటలన్నీ ఒకే జీటీఎస్‌ని పంచుకున్నాయి. తలుపులు వేరు, గది ఒకటే. సోల్‌సిల్వర్ వాడు వల్పిక్స్ పెడితే, హార్ట్‌గోల్డ్ వాడు గ్రోలిత్ ఇచ్చి తీసుకునేవాడు. ఇద్దరి మధ్యలో డైమండ్ వాడు కూడా దూరవచ్చు. కాబట్టి సరుకులో తేడా లేదు, తేడా దారిలో ఉంది. బ్యాడ్జీలు ఇచ్చే జిమ్‌లలో మూడోది గోల్డెన్‌రాడ్‌లో ఉంది. ఆ జిమ్ నాయకురాలు విట్నీ పంపే మిల్‌ట్యాంక్ దగ్గర తన్నులు తినే రోజులకి గానీ ఆ గుమ్మం కనబడదు. మొత్తం ఆటగా అడిగితే నేను హార్ట్‌గోల్డ్ వైపే మొగ్గుతాను. రెండు ప్రాంతాలు, పదహారు బ్యాడ్జీలు, వెంట నడిచే పోకెమాన్ ఉన్నాయి. టెర్మినల్ ఒక్కదాన్నీ చూస్తే జూబిలైఫ్‌దే పైచేయి.

గోల్డెన్‌రాడ్‌కి ఇంకో గౌరవం ఉంది. ఈ ఆలోచన పుట్టింది అక్కడే. 2000 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చిన క్రిస్టల్ ఆటలో, ఆ ఊరి పోకెమాన్ సెంటర్ స్థానంలో పోకెమాన్ కమ్యూనికేషన్ సెంటర్ ఉండేది. గేమ్‌బాయ్‌కి మొబైల్ అడాప్టర్ తగిలించి, దాన్ని సెల్‌ఫోన్‌కి కలిపితే, అక్కడి ట్రేడ్ కార్నర్‌లో ఒక పోకెమాన్‌ని ఉంచి కావాల్సింది అడగవచ్చు. జీటీఎస్‌కి ఆరేళ్ళ ముందే! సెలబీ అనే అరుదైన పోకెమాన్‌ని తెచ్చే జీఎస్ బాల్ కూడా ఆ భవనంలోనే ఇచ్చారు. 2001 జనవరిలో మొదలైన ఆ సేవ 2002 డిసెంబర్‌కి ఆగిపోయింది. జపాన్ దాటి రానేలేదు. మిగతా ప్రపంచానికి వెళ్ళిన క్రిస్టల్‌లో అక్కడ మామూలు సెంటరే ఉంది. 2018లో, డీఎస్ తర్వాతి యంత్రమైన 3డీఎస్‌కి క్రిస్టల్ మళ్ళీ వచ్చినప్పుడు జీఎస్ బాల్ అందరికీ దక్కింది గానీ, ఆ ట్రేడ్ కార్నర్ తిరిగి రాలేదు. ఆలోచనలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాను. ఆడలేని దాన్ని పోటీలో ఎలా నిలబెట్టను?

తర్వాత వచ్చిన బ్లాక్, వైట్ ఆటల్లో జీటీఎస్ ప్రతి పోకెమాన్ సెంటర్ పైఅంతస్తుకీ వచ్చేసింది. సౌకర్యమే, కానీ ఊరికొక కౌంటర్ అయ్యేసరికి ఆ ప్రత్యేకమైన చోటు పోయింది. ఎక్స్, వైలో అసలు భవనమే లేదు. కింది తెరమీద పీఎస్ఎస్ (ప్లేయర్ సెర్చ్ సిస్టమ్) ఎప్పుడూ నడుస్తూ ఉండేది, అడవిలో నడుస్తూనే మార్చుకోవచ్చు. చూడని పోకెమాన్‌ని పేరు టైపు చేసి అడిగే వీలూ ఇచ్చారు. నా మొదటి ఫిర్యాదు అక్కడ తీరింది. వాడకంలో హాయి అనేదే కొలత అయితే గెలిచేది పీఎస్ఎస్, నేను కాదనను.

దాని తర్వాత 2016లో సన్, మూన్‌లో ఫెస్టివల్ ప్లాజా వచ్చింది. కోట, అంగళ్ళు, నాణేలు, జనం. భవనం తిరిగి వచ్చిందని నేను సంబరపడ్డాను. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ప్రతిసారీ ప్లాజాలోకి వెళ్ళాలి, అక్కడ కనెక్ట్ కావాలి, బయటికి వస్తే ఆన్‌లైన్ పని ఆగిపోతుంది. ఎక్స్, వైలో నడుస్తూ చేసిన పనికి ఇక్కడ ఆగి నిలబడాలి. జూబిలైఫ్‌లోనూ లోపలికి వెళ్ళాల్సిందే కదా అంటారేమో. అక్కడ వెళ్ళింది ఆ ఒక్క పనికే. ఇక్కడ జీటీఎస్‌కి వెళ్ళేవాడి చేత పండగ చేయించారు.

బ్రిలియంట్ డైమండ్‌లో మా మేనల్లుడు చూసిన భవనం పేరు గ్లోబల్ వండర్ స్టేషన్. ఆట విడుదలైనప్పుడు మూసి ఉంది, తర్వాత అప్‌డేట్‌తో తెరిచారు. లోపల జరిగేది యాదృచ్ఛిక మార్పిడి: ఒకటి ఇస్తాం, ఏదో ఒకటి వస్తుంది. సరదాగా ఉంటుంది. కానీ అదే చోట, అదే ఊళ్ళో, పేరు పెట్టి అడిగే కౌంటర్ ఉండేదని తెలిసినవాడికి మనసు చివుక్కుమంటుంది. వాడికి పిప్లప్ కావాలి. పది సార్లు మార్చినా రాలేదు.

అందుకే చివరికి వాడికి పోకెమాన్ హోమ్ పెట్టించాను. 2020లో వచ్చిన ఈ యాప్‌లో జీటీఎస్ ఫోన్‌లోనే ఉంటుంది, స్విచ్ వైపు ఉండదు. ఆటలోంచి పోకెమాన్‌ని స్విచ్‌లోని హోమ్‌లోకి తేవాలి, మార్పిడి ఫోన్‌లో చేయాలి, మళ్ళీ స్విచ్‌లో ఆటలోకి పంపాలి. డబ్బు కట్టకపోతే 30 పోకెమాన్ దాచుకోవచ్చు, జీటీఎస్‌లో ఒకసారికి ఒకటే పెట్టవచ్చు. కడితే 6,000 దాచుకోవచ్చు, ఒకసారికి మూడు పెట్టవచ్చు. పట్టిక నింపేవాడికి ఈ మూడు చాలా పనికొస్తాయి. అడిగే హక్కు ఉంది, అడిగి పోయే వీలు ఉంది. వాడి పిప్లప్ మర్నాటికి వచ్చింది. లేనిది ఆ చోటు. బస్సులో కూర్చుని వేలితో నొక్కి తెచ్చుకున్న పోకెమాన్‌కి, ఒక ఊరికి నడిచి వెళ్ళి తెచ్చుకున్నదానికి తేడా నాకు తెలుస్తుంది. మా వాడికి ఇంకా తెలియదు.

హోమ్‌లో ముందే తెలుసుకోవాల్సినది ఒకటుంది: అందులో మార్పిడి చేస్తే హాంటర్ తన పై రూపమైన గెంగార్‌గా ఎదగదు. ఎదగాలంటే ఆట లోపలే ఎవరితోనైనా లింక్ కోడ్ పెట్టుకుని మార్చుకోవాలి. నాలుగో తరం జీటీఎస్‌లో ఇది ఇబ్బందే కాలేదు. హాంటర్ పెట్టి హాంటర్‌నే అడిగేవాళ్ళు, ఇద్దరి చేతుల్లోనూ గెంగార్ పడేది.

కాబట్టి ఇవాళ స్విచ్ ఉన్నవాళ్ళు హోమ్ తీసుకోండి, వండర్ స్టేషన్‌ని సరదాకి ఉంచుకోండి. డీఎస్ కొని ప్లాటినమా, హార్ట్‌గోల్డా అని అడిగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ టెర్మినళ్ళ వెనుక ఉన్న నింటెండో సేవ 2014 మే 20న ఆగిపోయింది. 3డీఎస్ ఆటల ఆన్‌లైన్ కూడా 2024 ఏప్రిల్‌లో ముగిసింది. డీఎస్ నెట్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అంకెలు మార్చి, అభిమానులు నడిపే సర్వర్ల ద్వారా పాత జీటీఎస్‌ని మళ్ళీ తెరిచేవాళ్ళున్నారు, కానీ డబ్ల్యూఈపీ తలనొప్పి అలాగే ఉంది. ఆ ఓపిక ఉంటే ప్లాటినం కొనండి. లేకపోతే హార్ట్‌గోల్డ్.

నా ప్లాటినం ఇంకా పనిచేస్తోంది. సెలవులు అయ్యేలోపు మా వాణ్ణి ఆ భూగోళం దగ్గరికి తీసుకెళ్ళాను. చుక్కల మీద ఒక్కొక్కటిగా ఆగి, "ఇతనెవరు? ఇతనెవరు?" అని అడిగాడు. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు. వాళ్ళు పంపినవి మాత్రం ఇంకా నా బాక్సుల్లోనే ఉన్నాయి, ఒక్కొక్కటీ తెరిచి చూపించాను.