74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగ్గర్: విశాఖ డాబా మీద కొన్నేళ్లు వాడాక

ఈ ఐసీ (చిప్) ఎండకు తట్టుకుంటుందా అని చాలామంది అడుగుతారు. మద్దిలపాలెంలో మా డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కొన్నేళ్లుగా ఇది పనిచేస్తోంది. ఎండ గురించి టెన్షన్ అక్కర్లేదు. చూసుకోవాల్సింది సప్లై వోల్టేజిని.

ట్యాంకులో నీళ్లు కదులుతుంటే నీటి మట్టం చూసే సెన్సర్ సిగ్నల్ ఒకచోట నిలవదు. మామూలు లాజిక్ గేటు పెడితే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) టకటకా కొట్టుకుంటుంది. ష్మిట్ ట్రిగ్గర్‌కి ఇన్‌పుట్ వోల్టేజి ఎక్కేటప్పుడు అవుట్‌పుట్ మారే గీత ఒకటి, దిగేటప్పుడు మారే గీత ఇంకోటి ఉంటాయి. ఆ రెంటి మధ్య ఎడమే హిస్టెరిసిస్. డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) 4.5 వోల్టుల సప్లైకి ఆ గీతలు సుమారు 2.38, 1.40. అంటే ఎడం 0.98 వోల్టు. సప్లై 2 వోల్టులైతే 0.66, 6 వోల్టులైతే 1.25.

ఇది నేను టేబుల్ మీద చూసుకున్నాను. పది చుట్ల పాట్‌తో (తిప్పితే వోల్టేజి మారే రెసిస్టర్) ఇన్‌పుట్‌ను మెల్లగా పెంచుతూ, అవుట్‌పుట్ ఎక్కడ మారుతుందో మీటర్‌లో చూడాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఐసీని వేలు పెట్టలేనంత వేడి చేసినా గీతలు కదిలింది పదుల మిల్లీవోల్టులే. సప్లైని అర వోల్టు మారిస్తే పై గీత పావు వోల్టు దాకా జరిగింది. వేడికి లోపలున్న ఎన్, పీ రకం ట్రాన్సిస్టర్ల థ్రెషోల్డులు, అంటే అవి ఆన్ అయ్యే వోల్టేజీలు, రెండూ తగ్గుతాయి. ఒకటి గీతను కిందికి లాగితే రెండోది పైకి లాగుతుంది, చాలావరకు చెల్లుకు చెల్లు.

ఐసీలో మిగిలిన గేటుతో బజర్ ఆసిలేటర్ కూడా కట్టాను, అంటే కెపాసిటర్ నిండుతూ దిగుతూ ఉంటే బజర్‌ను మోగించే సర్క్యూట్. కరెంటు పోతే మూడు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. సెల్స్ దిగేకొద్దీ దాని గొంతు బొంగురుపోతుంది. సప్లై తగ్గినప్పుడు హిస్టెరిసిస్ వోల్టుల్లో తగ్గినా, సప్లైలో దాని వాటా పెరుగుతుంది, కెపాసిటర్ నిండి దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. కచ్చితమైన టైమర్‌కి దీన్ని వాడకండి.

విశాఖలో అసలు బెడద ఉప్పుగాలి. ఇన్‌పుట్ దగ్గర మెగాఓముల రెసిస్టర్లుంటే, బోర్డు మీద పేరుకున్న ఉప్పు తేమ పీల్చుకుని కరెంటు లీకవుతుంది. ఐసీ గీతలు అక్కడే ఉంటాయి, సిగ్నలే జారిపోతుంది. అందుకే రెసిస్టర్లను పది కిలోఓముల దగ్గర ఉంచి, బోర్డుకు కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పూత) కొట్టాను. వాడని ఇన్‌పుట్లను గ్రౌండ్‌కి కట్టేయాలి, అది మామూలే.

నాకు నచ్చనిది ఒకటుంది. ఒక ఐసీకీ ఇంకో ఐసీకీ తేడా బాగా ఎక్కువ. 4.5 వోల్టుల దగ్గర హిస్టెరిసిస్ 0.4 నుంచి 1.4 వరకు ఎంతున్నా డేటాషీట్ ప్రకారం సరైనదే. కాబట్టి 0.4 వస్తుందనుకునే లెక్కేసుకోండి.

డాబా నుంచి కింద మోటారు దాకా పొడవాటి వైరు లాగాల్సిన వాళ్లయితే ఇలాంటిదే ఇంకో ష్మిట్ ట్రిగ్గర్ ఐసీ, సీడీ40106 తీసుకోండి. పిన్లు ఇవే, 12 వోల్టుల మీద నడుస్తుంది. 10 వోల్టుల దగ్గరే దాని హిస్టెరిసిస్ సుమారు 2.3 వోల్టులు. వైరు పట్టుకొచ్చే నాయిస్‌కి అంత ఎడం కావాలి.