పాత మారుతి 800 కొంటున్నారా? ఐడిలింగ్ విషయంలో నాకు జరిగిన మోసం తెలుసుకోండి

కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మోడల్ మారుతి 800 కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. నేను రెండు చోట్ల దెబ్బతిన్నాను. బండి అమ్మినాయన దగ్గర ఒకసారి, రిపేరు షెడ్డులో ఇంకోసారి. రెండోది మరీ ఘోరం.

మా నాన్నకు 74 ఏళ్లు. ఆయన నడిపిన మొదటి కారు తెల్ల 800. అమ్మేసి చాలా ఏళ్లయినా, రోడ్డు మీద అలాంటిది కనబడితే ఇప్పటికీ ఆగి చూస్తారు. అందుకే సంక్రాంతికి ముందు 1997 మోడల్ ఒకటి 65 వేలకు తీసుకున్నాను. 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజన్ వచ్చింది, అంతకుముందు వచ్చిన 800లన్నీ కార్బురేటర్ బండ్లే.

చూడటానికి వెళ్లేసరికే ఇంజన్ ఆన్‌లో ఉంది. "మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచాను సార్" అన్నారు. మర్యాద అనుకున్నాను. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజన్ తిరగడం) స్క్రూ బిగించి రేస్, అంటే ఇంజన్ వేగం, పెంచి ఉంచారని తర్వాత తెలిసింది. ఈ బండి ఐడిలింగ్‌లో 900 ఆర్‌పీఎం అటూ ఇటూ తిరగాలి. ఆర్‌పీఎం మీటరు ఉండదు కాబట్టి చెవితోనే పోల్చుకోవాలి. కాలు తీసేసినా ఇంజన్ గట్టిగా మోగుతుంటే అక్కడ ఏదో దాస్తున్నారనే లెక్క. మీరు వెళ్లేముందే ఫోన్ చేసి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే రేపు పొద్దున వస్తామని చెప్పి తిరిగొచ్చేయండి. పూర్తిగా చల్లారిన ఇంజన్ని చోక్ (చల్లటి ఇంజన్ అందుకోవడానికి పెట్రోలు పాలు పెంచే నాబ్) లాగి స్టార్ట్ చేసి, వేడెక్కాక చోక్ లోపలికి తోసి, ఏసీ, లైట్లు లేకుండా ఐదు నిమిషాలు వదిలేసి చూడండి.

ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి అసలు రూపం బయటపడింది. నడుస్తుంటే బాగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే గేరు రాడ్ గడగడలాడిపోయి ఆఫ్ అయిపోతుంది. ఒకరోజు కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఆగిపోయింది. వెనక లారీ హారన్, పక్కన నాన్న. మూడుసార్లు తాళం తిప్పితే గానీ అందుకోలేదు. ఆ టెన్షన్ నాకిప్పటికీ పోలేదు.

షెడ్డుకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి ఒక్క నిమిషం కూడా చూడకుండానే "కార్బురేటర్ పోయింది సార్, ఒరిజినల్ కొత్తది వేస్తాను" అన్నారు. 7,500, కూలి 1,200. పాతది ఇవ్వమంటే "అదెందుకు సార్ మీకు, తూకానికి వేసేదే, కావాలంటే 300 తగ్గిస్తాను" అన్నారు. ఒప్పుకున్నాను. అక్కడే నష్టపోయాను. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. ఈసారి ప్లగ్గులు మార్చారు. ఇంకోసారి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) లోపలి పాయింట్లు, కండెన్సర్. వెళ్లిన ప్రతిసారీ చివర్లో చేసింది మాత్రం ఒక్కటే, స్క్రూడ్రైవర్‌తో రేస్ పెంచి పంపడం. మొత్తం 14 వేలు దాటింది.

ఆఖరికి మా బావ తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పానా కూడా పట్టుకోలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఎయిర్ క్లీనర్ తీసి, సన్న పైపుల్ని ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ పోయారు. మ్యానిఫోల్డుకు (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి మిశ్రమం వెళ్లే దారి) వెళ్లే ఒక వ్యాక్యూమ్ పైపు నొక్కగానే ఇంజన్ ఊగడం ఆగిపోయింది. "ఇదిగో బాబూ, నీ జబ్బు" అన్నారు. పైపు ఊడదీసి వంచి చూపించారు. వంపు అడుగుభాగాన వేలి గోరంత చీలిక. పైనుంచి చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంది. మార్చడానికి అయిన ఖర్చు 120 రూపాయలు.

ఎందుకలా అవుతుందో కూడా చెప్పారు. ఐడిలింగ్‌లో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి దారి తలుపు) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డులో పీల్పు చాలా ఎక్కువ. అప్పుడు చీలిక గుండా లెక్కలో లేని గాలి దూరి మిశ్రమం పలచబడి మంట సరిగ్గా అంటుకోదు. యాక్సిలరేటర్ తొక్కితే పీల్పు తగ్గుతుంది, మామూలు దారిలోనే గాలి, పెట్రోలు బోలెడు వస్తాయి కాబట్టి ఆ కాస్త లీకు తెలియదు. రేస్ పెంచితే జబ్బు కనపడకుండా పోయేది ఇందుకే. కార్బురేటర్ కింద ప్యాకింగ్ (గ్యాస్కెట్) కాలిపోయినా, థ్రాటిల్ షాఫ్ట్ అరిగి కదులుతున్నా ఇవే లక్షణాలు. కొందరు ఇంజన్ నడుస్తుండగా ప్యాకింగ్ చుట్టూ పెట్రోలు చిమ్మి పరీక్షిస్తారు. దయచేసి చేయనివ్వకండి, మంటలు లేస్తాయి.

ఇంకో చిన్న పరీక్ష: కార్బురేటర్ మీద సోలినాయిడ్ (ఐడిలింగ్ పెట్రోలు దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి దాని వైరు తీసి పెడితే 'టిక్' మనాలి. ఆ శబ్దం రాకపోతే ముందు అదీ, దాని కరెంటూ చూడాలి. లోపం అక్కడుంటే కాలు తీయగానే బండి ఆగిపోతుంది. అంతమాత్రానికి కార్బురేటర్ మొత్తం మార్చక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన కార్బురేటర్ వైపు చూసి "ఇది ఒరిజినల్ అని ఎవరు చెప్పారు?" అన్నారు. కొన్న రోజు నాన్నకు పంపడానికి తీసిన ఇంజన్ ఫోటో ఫోన్లో ఉంది. పెద్దది చేసి చూస్తే పాతదాని ఒంటి మీద మికుని (కార్బురేటర్లు తయారుచేసే జపాన్ కంపెనీ) అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇప్పుడున్నదాని మీద ఏ పేరూ లేదు, పోత అంచులు చేతికి గరుకుగా తగులుతున్నాయి. అంటే పైపు చీలితే, బాగున్న ఒరిజినల్ కార్బురేటర్ని 300కి లాక్కుని డూప్లికేట్ తగిలించారు. అది శుభ్రం చేసి, ప్యాకింగులు మారిస్తే ఇంకా ఏళ్ల తరబడి పనిచేసేదని పెద్దాయన అన్నారు.

కాబట్టి బండి షెడ్డులో పెట్టేముందు కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్ ఫోటోలు దగ్గర్నుంచి తీసుకోండి. మార్చిన ప్రతి పార్టూ చెడిపోయినదైనా సరే మీ డిక్కీలోకే రావాలని ముందే చెప్పండి. బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. నాకు ఇచ్చింది పేరు కూడా లేని చీటీ ముక్క, దాంతో ఎక్కడా నిలదీయలేకపోయాను. పైపులు ఎలాగూ మారుస్తారు కాబట్టి పెట్రోలు పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవే వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు), ఈ బండ్ల రబ్బరు ఆ పెట్రోలు కోసం చేసింది కాదు.

ఫోటో పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. పాతది ఆ వారమే తూకానికి పోయిందన్నారు. బండి ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆఫ్ అయిపోవడం లేదు, నాన్న రోజూ పొద్దున కూరగాయలకు తీసుకెళ్తున్నారు. కానీ డూప్లికేట్ కార్బురేటర్ వల్ల పెట్రోలు వాసన వస్తోంది, మైలేజీ 11 దాటడం లేదు. నేనింకా ఒరిజినల్ కోసం వెతుకుతూనే ఉన్నాను.