వైజాగ్ చుట్టూ సైకిల్ దారులు: గాలి చూసుకుని బయల్దేరండి

వైజాగ్‌లో సైకిల్ అనగానే అందరూ బీచ్ రోడ్డే చెప్తారు. కొన్నేళ్ళుగా ఏడు గేర్ల సైకిల్ మీద ఈ ఊరి చుట్టూ తిరుగుతున్నాను. పొద్దున్న గంటసేపు తొక్కి రావడానికి బీచ్ రోడ్డు చాలు. రోజంతా తిరిగి రావాలంటే మాత్రం భీమిలి దాటి లోపలికి మళ్ళాల్సిందే. ఎటు వెళ్ళినా ముందు చూసుకోవాల్సింది గాలి, ఆ తర్వాతే దూరం.

ఆర్కే బీచ్ నుంచి ఈశాన్యంగా ఉన్న భీమిలికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఎండాకాలం, వానాకాలం ఎక్కువగా నైరుతి గాలి. పోయేటప్పుడు వీపు తట్టి పంపిస్తుంది, రుషికొండ ఎప్పుడు దాటామో తెలీదు. మనకి కాళ్ళ బలం పెరిగిందేమో అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. పొద్దున్న పది గంటలు దాటాక మంగమారిపేట దగ్గర చదును రోడ్డు మీద కూడా గేర్లు దించుకోవాల్సిందే, పైన నీడ కూడా ఉండదు. కార్తీకం వెళ్ళాక గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు కష్టమంతా పోయేటప్పుడే అయిపోతుంది, ఇంటికి రావడం హాయి. నా మట్టుకు భీమిలి దారి డిసెంబరు, జనవరిలోదే.

ఎడమ పక్క నడిపే దేశం కదా, పోయేటప్పుడు మనం కొండ వైపుంటాం, వచ్చేటప్పుడు సముద్రం వైపు. అందుకని తొట్లకొండ పోయేటప్పుడే ఎక్కేయండి. సముద్రం నుంచి 128 మీటర్ల ఎత్తే, కానీ మలుపుల దగ్గర మొదటి గేరు తప్పదు. పైన బౌద్ధ విహారం శిథిలాలు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉంటాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిల్ బయటే పెట్టి నడవండి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు దాన్ని. ఆ మెత్తటి ఇసుకలో చక్రాలు గీతలు వేస్తే చూడ్డానికే బాధగా ఉంటుంది, పైగా తొక్కడానికీ రాదు.

ఇక నాకు బాగా నచ్చిన దారి: భీమిలి, తగరపువలస, పద్మనాభం, ఆనందపురం, సొంఠ్యాం, అడవివరం. మొత్తం ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ. గోస్తనీ నది దాటి లోపలికి వెళ్ళాక హారన్ల గోల తగ్గుతుంది. తాటిచెట్లు, మామిడి తోటలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యంతో పోరాడి చనిపోయింది ఈ పద్మనాభంలోనే. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లు. సైకిల్ తొక్కిన కాళ్ళతో ఆ పని పెట్టుకోవద్దు, కింద కుంతీమాధవస్వామికి దణ్ణం పెట్టుకుని టీ తాగండి. అక్కడ టీ కొట్టు ముసలాయన నన్నడిగాడు, "ఏటి బావూ, అంత దూరం నుంచి తొక్కుకుని వచ్చీసేవా? బండి లేదేటి?" అని. ఉందన్నాక ఇంకా విచిత్రంగా చూశాడు.

ఆనందపురం నుంచి హైవే మీద మధురవాడ మీదుగా దిగిపోవచ్చు, దగ్గర దారి కూడా. లారీల పక్కన తొక్కడం నాకిష్టం లేదు. సొంఠ్యాం నుంచి కొండల మధ్యగా అడవివరం వచ్చే రోడ్డే మేలు. అక్కడి నుంచి ముడసర్లోవ పక్కగా హనుమంతవాక. ఈ ఆఖరి ముక్క సింహాచలం గిరి ప్రదక్షిణ దారిలోదే. 32 కిలోమీటర్ల ఆ చుట్టు మొత్తం సైకిల్ మీద చేయొచ్చు గానీ గోపాలపట్నం, ఎన్‌ఏడీ కూడలి వైపు ట్రాఫిక్కులో ప్రదక్షిణ సుఖం ఏమీ ఉండదు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మాత్రం అటు పోకండి, దారి పొడవునా జనమే.

యారాడకి రెండో ఆలోచన లేకుండా వెళ్ళేవాళ్ళున్నారు. బీచ్ అందమైనదే, కాదనను. సింథియా దాకా ట్యాంకర్లు, దుమ్ము, ఆ తర్వాత నిలువెక్కుడు ఘాట్. ఆదివారం తెల్లారేసరికి సింథియా దాటగలిగితేనే వెళ్ళండి. దిగేటప్పుడు బ్రేకులు నొక్కిపట్టి ఉంచకుండా విడతలు విడతలుగా వేయాలి, లేకపోతే రిమ్ము చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది.

సముద్రం పక్క తొక్కేవాళ్ళ సైకిల్‌కి ఉప్పు గాలి అసలు శత్రువు. మర్నాటికల్లా చెయిన్ లింకుల మధ్య ఎర్రటి పొడి కనిపిస్తుంది. ఇంటికొచ్చిన రోజే మంచినీళ్ళతో కడిగి, పాత బనీనుతో తుడిచి, లింకు లింకుకీ చుక్క నూనె వేయాలి. తగరపువలస అవతల పొలం గట్ల వెంట తుమ్మ ముళ్ళు, బీచ్ రోడ్డులో ఆదివారం పొద్దున్న సీసా పెంకులు మామూలే. స్పేర్ ట్యూబు, చేతి పంపు లేకుండా బయల్దేరకండి. ఆ లోపలి ఊళ్ళలో పంక్చరు షాపుంటే ఉంటుంది గానీ, తొమ్మిదింటికి ముందు తలుపు తీయరు.