సేఫ్టీ యాప్ రివ్యూ: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి

మాది చిత్తూరు చుట్టుపక్కల ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఒకటి. నేను సేఫ్టీ చూస్తాను, సీజన్లో షిఫ్టు కూడా చూస్తాను. మేనేజ్‌మెంటు కొన్న సేఫ్టీ యాప్‌ని పోయిన సీజనూ ఈ సీజనూ వాడాం. యాప్ పేరు, ఫ్యాక్టరీ పేరు రాయను, ఉద్యోగం చేసుకోవాలి కదా. అయినా నేను చూసినంతలో ఈ యాప్‌లన్నీ ఒకే అచ్చు. ఎక్కడన్నా ప్రమాదం జరిగేలా ఉందనిపిస్తే ఫొటో తీసో, మాట రికార్డు చేసో పంపాలి. అది సూపర్‌వైజరుకు చేరుతుంది. బాగుచేసేదాకా ఎర్రగా ఉంటుంది, చేశాక పచ్చగా మారుతుంది. అంతే సంగతి. నా మార్కులు ఐదుకి మూడున్నర.

డెమోకి వచ్చిన అబ్బాయి ఆఫీసులో ఏసీ కింద కూర్చుని చూపించినప్పుడు బ్రహ్మాండంగా ఉంది. లైన్ మీద కూడా చూపిస్తానని లేచాడు. హాలు తలుపు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు, సెల్‌ఫోన్ లోపలికి తీసుకుపోకూడదని. తినే సరుకు తయారయ్యే చోట అది మామూలు రూలే. అద్దం ముక్క గుజ్జులో పడిందంటే బ్యాచ్ మొత్తం పారబోసుకోవాలి. ఫోన్ రాకూడని చోటికి ఫోన్‌లో వాడే సరుకు అమ్మడానికి వచ్చాడన్నమాట. పాపం, ఎవరూ చెప్పలేదు.

రెండో తంటా ఓటీపీ. కాయలు ఏరే బెల్టు మీద అందరూ ఆడవాళ్ళే, చుట్టుపక్కల పల్లెల నుంచి మేస్త్రీ ఆటోల్లో తీసుకొస్తాడు. సగం మంది ఇచ్చిన నంబరు ఇంట్లో మగాళ్ళది. "ఓటీపీ బెంగళూరుకి పోయింటాది సార్, ఆయన ఆడ డ్యూటీలో ఉంటాడు" అని ఒకామె చెప్తే బెల్టంతా నవ్వులు. మనిషికొక లాగిన్ అనే లెక్క ఆరోజే ఎత్తేశాం. హాలు బయట చేతులు కడుక్కునే చోట రబ్బరు తొడుగేసిన ట్యాబ్ ఒకటి గోడకి బిగించాం. లైనుకొక లాగిన్. గ్లవ్స్ తీసి చేతులు కడుక్కునేది ఎలాగూ అక్కడే కాబట్టి తడి గ్లవ్స్‌తో తెర పనిచేయదన్న గోల కూడా తీరింది. మీదీ ఆహార ఫ్యాక్టరీ అయితే ఫోన్ల లెక్క వదిలేసి ట్యాబ్ ఎక్కడ పెట్టాలో ముందు చూసుకోండి.

ఈ యాప్‌లో అన్నిటికన్నా మంచిది మైకు గుర్తు. నొక్కి మాట్లాడితే చాలు. మాటను అక్షరాల్లోకి మారుస్తుందని చెప్పారు గానీ గుడిపాల వైపు నుంచి వచ్చేవాళ్ళ తమిళం కలిసిన తెలుగు దానికి కొరుకుడు పడదు. పర్లేదు, ఆడియో అట్లనే ఉంటుంది, మనమే వినొచ్చు. అలా విన్నదాంట్లో ఒకటి చెప్తాను.

"సార్, రెండో లైన్లో టెంకలు తీసే మిషను మూతకి బోల్టు లేదు. బైండింగ్ వైరుతో కట్టిండారు. అది ఊడిందంటే చెయ్యి లోపలికి పోతాది."

మెషీన్ తెలియని వాళ్ళ కోసం: తోతాపురి కాయ లోపల పడగానే తిరిగే బ్లేళ్ళు గుజ్జునీ టెంకనీ విడగొడతాయి. టెంక అడ్డం పడితే లైన్ ఆగుతుంది. మూత తీసి చేత్తో లాగేయడం అందరికీ అలవాటు. మూత తీస్తే మోటారు దానంతట అదే ఆగిపోయే స్విచ్ ఒకటుంటుంది. వెళ్ళి చూస్తే ఆ స్విచ్‌ని టేపు చుట్టి నొక్కేసి పెట్టారు. అంటే మూత తెరిచినా మెషీనుకి తెలియదు. ఒకరు లోపల చెయ్యి పెట్టినప్పుడు అవతల ప్యానెల్ దగ్గర ఇంకొకరు స్టార్ట్ నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తిరిగే భాగాలకి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు, కొత్త సంగతేం కాదు. టేపు వేసింది ఎవరో కనుక్కోవడం కష్టం కాదు గానీ, వేయించింది తొందర. 2025 సీజన్ చూశాం కదా, కిలో కాయకి రైతుకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చాక కూడా గేట్ల ముందు ట్రాక్టర్ల వరుస రోజుల తరబడి తరగలేదు. బయట కాయ కుళ్ళిపోతుంటే లోపల లైన్ ఆపుతాననే ధైర్యం ఎవరికుంటుంది?

మెయింటెనెన్సు వాళ్ళు "స్పేర్ రావాలి" అని రాసి గమ్మునైపోయారు. యాప్‌లో ఎర్రగానే ఉంది. అప్పుడు అదే గొంతు మళ్ళీ వచ్చింది: "చెప్పినాం కదా సార్, ఇంకా వైరే ఉండాది." ఆ రెండో ఆడియో ప్లాంట్ మేనేజరుకి మీటింగులో వినిపించాను. ఆరోజు మధ్యాహ్నమే లైన్ ఆపి బోల్టూ స్విచ్చూ రెండూ వేశారు. ప్యానెల్‌కి తాళం వేసి, తాళంచెవి లోపల చెయ్యి పెట్టేవాళ్ళ జేబులోనే ఉండాలనే పద్ధతి కూడా అప్పుడే మొదలైంది. ఆ తర్వాత రెండో లైన్ నుంచి వచ్చినన్ని రిపోర్టులు ఇంకే లైన్ నుంచీ రాలేదు. ఏం చేశారో పంపినవాళ్ళకి తిరిగి వినిపించే సౌకర్యం యాప్‌లో ఉంది. దాన్ని రోజూ వాడితేనే ఈ డబ్బులకి న్యాయం. "పనైంది" అని పచ్చ చేసేది కూడా మెయింటెనెన్సు కాదు, చెప్పిన లైన్ వాళ్ళే చేయాలి. ఆ మార్పు సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాక్కుని ఉంటుంది, అడిగి పెట్టించుకోండి.

ఇక చెత్త సంగతి: పాయింట్లు. రిపోర్టులో పేరు చెప్పి ఎవరెక్కువ పంపితే వాళ్ళ పేరు పైన, నెలాఖరుకి ప్రెషర్ కుక్కర్. హెచ్ఆర్ వాళ్ళకి తెగ నచ్చింది. మా దగ్గర ఏం జరిగిందంటే, పక్కమనిషి గాగుల్స్ పెట్టుకోలేదని ఒకరి మీద ఒకరు రిపోర్టులు పంపడం మొదలుపెట్టారు. వేడి కాస్టిక్ సోడా నీళ్ళతో పైపులు కడిగే చోట గాగుల్స్ ఉండాల్సిందే, అందులో మాటే లేదు. కానీ పాత గాగుల్స్ గీతలు పడి ఏమీ కనిపించకే తీసేస్తున్నారన్న సంగతి ఏ రిపోర్టులోనూ లేదు. లైన్లో మాటలు బందయ్యాయి, రెండు గ్రూపులు తయారయ్యాయి. కుక్కర్ ఆపించి, మనుషుల మీద వద్దు, వస్తువుల సంగతే చెప్పండి అన్నాక చల్లబడింది. కొత్త గాగుల్స్ తెప్పించాక అసలు గొడవే లేదు.

పేరు లేకుండా పంపొచ్చు అనే ఆప్షన్ని కూడా పెద్దగా నమ్మకండి. రాత్రి షిఫ్టులో బాయిలర్ దగ్గర ఉండేది నలుగురు. టైమూ చోటూ పడ్డాక పేరు ఎందుకు? మేస్త్రీకి తెలిసిపోతుంది, మరుసటి రోజు ఆటోలో చోటుండదు. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఆ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే ప్రమాదకరమైన పనులుండే ఫ్యాక్టరీల్లో సేఫ్టీ కమిటీ ఉండాలని, అందులో మేనేజ్‌మెంటు తరఫున ఎంతమందో కార్మికుల తరఫున అంతమంది ఉండాలని రాశారు. మేం కమిటీలోకి బెల్టు మీది ఆడవాళ్ళనీ తీసుకున్నాం. వాళ్ళు కూర్చున్నాక మేస్త్రీ గొంతు కాస్త తగ్గింది. యాప్ లిస్టు ముందేసుకుని వాళ్ళే అడుగుతున్నారు.

డెమోలో ఆ అబ్బాయి ఒక పిరమిడ్ బొమ్మ చూపించాడు. 1931లో అమెరికా బీమా కంపెనీ ఉద్యోగి హైన్రిక్ వేసిన లెక్క అది: ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్నవి, 300 దెబ్బ తగలనివి. కింద 300 తగ్గిస్తే పైన ఒకటి దానంతటదే పోతుందని అమ్ముతారు. అన్నిటికీ ఆ లెక్క కుదరదు. మా లిస్టు నిండా తొక్కల మీద జారడాలూ, డ్రమ్ములు దొర్లడాలే. అవి తగ్గితే నడుములు బాగుంటాయి, సంతోషమే. కానీ వాటికీ చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాస్ లైనుకీ సంబంధం లేదు. 2020 ఆగస్టులో పూతలపట్టు దగ్గర పాల డెయిరీలో అమ్మోనియా లీకై ఆడవాళ్ళు ఆస్పత్రి పాలైన సంగతి మా వాళ్ళెవరూ మర్చిపోలేదు. కంప్రెసర్ గదిలో రోజూ ఉండేవాడి ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, వాడు రిపోర్టు పంపుతాడని కూర్చుంటే కుదరదు. అక్కడ గ్యాస్ డిటెక్టర్లు, వాల్వుల తనిఖీ, గాలి ఎటు వీస్తోందో చూసి పరిగెత్తడం నేర్పే డ్రిల్లు, ఇవే కావాలి. యాప్ కోసం ఈ డబ్బుల్లో కోత పెడతామంటే ఒప్పుకోవద్దు.

ధర తలకింత చొప్పున, ఏడాదికి. మా జనం సీజన్లో ఒక్కసారిగా పెరిగి, ఆగస్టుకల్లా వెళ్ళిపోతారు. లైనుకొక లాగిన్ పెట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఖాళీ షెడ్డుకి ఏడాదంతా కట్టాల్సి వచ్చేది. రెన్యువల్‌కి ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. సీజన్ వరకే లైసెన్సు ఇవ్వమన్నాను, పైవాళ్ళని అడగాలన్నాడు. నెట్ లేనప్పుడు ఆడియో పోకుండా దాచుకోవాలన్నాను, తర్వాతి వెర్షన్లో వస్తుంది సార్ అన్నాడు. పోయినేడూ అదే అన్నాడు. ఈసారి కాగితం మీద రాయించుకున్నాం.